ఐ.పి. పెట్టే ముందు: వకీలును ఎంచుకోవడం ఎలా?



ఈనాటి విషయం వినగానే “ఇది మగవాళ్ల వ్యవహారం గదా, మనకెందుకు?” అని మీలో కొందరికి అనిపించవచ్చు. అప్పులు తీర్చలేని పరిస్థితి వచ్చినప్పుడు మంచి వకీలును ఎలా ఎంచుకోవాలి అన్నదే ఆ విషయం. సరే, మగవాళ్ల వ్యవహారమే అనుకుందాం. కాని అప్పులవాళ్లు వచ్చి గేటు చప్పుడు చేసినప్పుడు ఇంట్లో ఉండేదెవరు? “ఆయన ఊళ్లో లేరండీ” అని చెప్పవలసి వచ్చేదెవరికి? తాకట్టుకు వెళ్లిన గాజులు ఎవరి చేతివి? బ్యాంకు కాగితాల మీద “ఇక్కడొక సంతకం పెట్టు” అంటే చదవకుండా పెట్టిందెవరు? ఇన్నింటిలోనూ మన పాలు ఉంది. అటువంటప్పుడు వకీలుగారి బల్ల ముందు మాత్రం మన కుర్చీ ఎందుకు ఉండకూడదు?

మన నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి మీద వెంకటాచలం ఉంది. మీలో చాలామంది ఆ దారిన వెళ్లి ఉంటారు. పిల్లలు కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో చదువుతూ ఉండవచ్చు. కాపురం నెల్లూరు పట్నంలో, పొలమో వ్యాపారమో వెంకటాచలం వైపు ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. అక్కడి నుంచి తూర్పుగా సముద్రం దాకా వెళితే వరి మళ్ల సరసనే రొయ్యల గుంటలు కనిపిస్తాయి. రొయ్య కలిసివచ్చినవాళ్లు మేడలు కట్టారు. కలిసిరానివాళ్లు ఉన్న ఇల్లే అమ్ముకున్నారు. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చి టైగరు రొయ్య గుంటలకు గుంటలే పోయిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2009 తరువాత వనామి రొయ్య వచ్చి మళ్లీ ఆశలు చిగురించాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఆ దెబ్బ ఇక్కడి గుంట గట్టు దాకా వచ్చింది. రోగం, తుఫాను, ధర, వీటిలో ఏదీ రైతు చేతిలో లేదు. మేత మాత్రం అరువు, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా.

రొయ్యలనే చెబుతున్నానని మిగతావాళ్లు తప్పించుకోవద్దు. బట్టల కొట్టు, లారీ, చీటీల వ్యాపారం, ఆస్పత్రి ఖర్చు, కూతురి పెళ్లి, ఏదైనా కావచ్చు. బయట తెచ్చిన అప్పుకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదిగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి. సంవత్సరానికి 36 శాతం! 10 లక్షల అప్పుకు నెలకు 30 వేల రూపాయలు వడ్డీ కిందే పోతుంది. అసలు అసలుగానే కూర్చుంటుంది. ఒక అప్పు తీర్చడానికి ఇంకొక అప్పు తెస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఆ దశలో ఎవరో ఒకరు ఇంట్లోకి వచ్చి, “ఏముందమ్మా, ఒక ఐ.పి. పడేస్తే సరిపోతుంది గదా!” అంటారు.

మనవైపు దివాలా అనే మాట కంటే ఐ.పి. అనే మాటే వాడుక. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. “నా అప్పులు నేను తీర్చలేకుండా ఉన్నాను, నా ఆస్తి ఇది, నా అప్పులు ఇవి, అందరికీ న్యాయంగా పంచి నన్ను విముక్తుణ్ణి చెయ్యండి” అని కోర్టును వేడుకోవడం. దీన్ని గురించి మనలో రెండు దురభిప్రాయాలు ఉన్నాయి. ఒకటి, ఐ.పి. పెడితే అప్పులన్నీ మాయమైపోతాయని. రెండు, ఐ.పి. పెట్టినవాడు దొంగ అని. రెండూ నిజం కావు. సరైన వకీలును ఎంచుకోవాలంటే ముందు ఈ రెండూ మన మనసులోంచి తుడిచివెయ్యాలి.

మన ప్రాంతానికి వర్తించే చట్టం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. వందేళ్లు దాటినా నడుస్తున్నది అదే. 2016లో కేంద్రప్రభుత్వం కొత్త దివాలా స్మృతి తెచ్చింది గాని, అది ముఖ్యంగా కంపెనీల కోసం పనిచేస్తున్నది. వ్యక్తుల అప్పులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమలుచేసినప్పుడు, కంపెనీల అప్పులకు సొంతంగా హామీ ఉన్నవాళ్లకు మాత్రమే పరిమితం చేశారు. కనుక మీవారు ఏదైనా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అప్పుకు హామీ సంతకం పెట్టి ఉంటే దారి వేరు. మామూలు సంసారులు, చిన్న వ్యాపారులు వెళ్లవలసింది పాత చట్టం కిందనే.

ఏ కోర్టులో వెయ్యాలి అన్నదానికి కూడా నియమం ఉంది. అప్పులపాలైన మనిషి ఎక్కడ కాపురం ఉంటున్నాడో, ఎక్కడ వ్యాపారం చేస్తున్నాడో అక్కడే వెయ్యాలి. మనవైపు ఇవి సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జిగారి కోర్టులో నడుస్తాయి. చెన్నై నగరానికి మాత్రం 1909 నాటి వేరే చట్టం ఉంది. అక్కడ దివాలా కేసులు మద్రాసు హైకోర్టు చూస్తుంది. వెంకటాచలంలో వ్యాపారం, నెల్లూరులో కాపురం పెట్టుకుని, బంధువు చెప్పాడని చెన్నైలో వకీలుకు డబ్బు కట్టడం దండగ. మన కోర్టు, మన అధికారులు, మన అప్పులవాళ్లు తెలిసిన స్థానిక వకీలే మేలు.

ఇక ముఖ్యమైన సంగతికి వద్దాం. వకీలు దగ్గరకు వెళ్లకముందే మనం చెయ్యవలసిన పని ఒకటి ఉంది. అది వంటింటి పద్దు రాసే మనకు కొత్త కాదు. ఒక నోటుపుస్తకం తీసుకుని మూడు పట్టికలు రాయండి.

మొదటిది అప్పుల పట్టిక. ఎవరికి, ఎంత, ఏ తేదీన, వడ్డీ ఎంత, ప్రోనోటా, చెక్కా, తాకట్టా, నోటిమాటా. బ్యాంకు, బంగారం కుదువ, మేత కొట్టు, చీటీపాట, క్రెడిట్ కార్డు, ఫోన్‌లో యాప్ ద్వారా తీసుకున్నది, పక్కింటి పిన్నిగారి చేబదులు, ఏదీ వదలవద్దు. “అన్నయ్య దగ్గర తీసుకున్నది రాయడమెందుకులే” అనుకోకండి. చట్టం అందరి పేర్లూ, చిరునామాలూ అడుగుతుంది.

రెండవది ఆస్తుల పట్టిక. ఏది ఎవరి పేరున ఉంది, ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది.

మూడవది సంతకాల పట్టిక. ఇది మరీ ముఖ్యం. మీరు ఎక్కడెక్కడ హామీదారుగా, జంట అప్పుదారుగా సంతకం పెట్టారు? ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రోనోట్లు ఎవరికైనా ఇచ్చారా? చాలా ఇళ్లలో భర్తకు తన అప్పుల మొత్తం తెలియదు, భార్యకు తన సంతకాల మొత్తం తెలియదు. ఇద్దరూ ఒక రాత్రి కూర్చుని ఈ పట్టిక పూర్తిచేస్తే సగం భయం అక్కడే తగ్గుతుంది. ఆ రాత్రి దెప్పిపొడుపులు వద్దు సుమా! “నేను ముందే చెప్పలేదా” అనే మాట ఇంకెప్పుడైనా అనుకోవచ్చు. ఆ మాట వినపడితే రెండో పేజీ నుంచి అప్పులు దాచడం మొదలుపెడతారు.

పట్టిక చేతికి వచ్చాక వకీలును వెతకండి. వకీళ్లలో క్రిమినల్ కేసులు చూసేవాళ్లు, భూమి తగాదాలు చూసేవాళ్లు, బ్యాంకు కేసులు చూసేవాళ్లు వేరువేరుగా ఉంటారు. కంటి జబ్బుకు పంటి డాక్టరు దగ్గరకు వెళ్లం గదా. మనకు కావలసింది సివిలు వైపు అనుభవం ఉండి, ఐ.పి.లు నడిపినవారు. తెలిసిన వకీలునే, అది ఆయన పని కాకపోయినా, “ఈ పని బాగా తెలిసినవారు ఎవరండీ?” అని అడగండి. నిజాయితీపరులు చెబుతారు.

ఎవరి దగ్గరకు వెళ్లకూడదో కూడా చెబుతాను. “నూటికి నూరు శాతం గ్యారంటీ, అప్పు సగానికి సగం మాఫీ” అని ఫోనులు చేసేవాళ్లు, కరపత్రాలు పంచేవాళ్లు ఉంటారు. మన దేశంలో వకీళ్లు తమను గురించి ప్రకటనలు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. అలాగే కేసు గెలిస్తే ఇంత వాటా అని, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదని కూడా నియమం ఉంది. మొదటి రోజే తన వృత్తి నియమాన్ని తప్పినవారు మన కేసులో నియమం పాటిస్తారని నమ్మడం ఎలా? వకీలు కానివాళ్లు “సెటిల్‌మెంటు చేయిస్తాం” అని ముందుగా డబ్బు పట్టుకుపోయే దళారుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇప్పుడు మొదటి సమావేశం. ఇక్కడే మనిషిని పోల్చుకోవాలి.

మంచి వకీలు మొదట అడిగేది పట్టిక. “అప్పులు ఎన్ని, ఆస్తులు ఎన్ని, ఈ రెండేళ్లలో ఏమైనా అమ్మారా, ఎవరికైనా రాసిచ్చారా?” అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ ప్రశ్నలకు మనకు చిరాకు రావచ్చు. రానివ్వండి. అడగనివారి గురించే భయపడాలి.

చెడ్డ సలహా ఎలా ఉంటుందో కూడా వినండి. “రేపే ఇల్లు మీ ఆవిడ పేరున రాసేయండి, ఎల్లుండి ఐ.పి. వేద్దాం.” ఇది వినడానికి చాలా తెలివిగా ఉంటుంది. పైగా మన పేరున ఇల్లు అంటే మనకూ మనసులో ఎక్కడో సంతోషంగానే ఉంటుంది. కాని చట్టం ఇంతకంటే తెలివైనది. అలా ఉచితంగా రాసిచ్చిన రెండేళ్లలోపల ఐ.పి. దాఖలై, ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటిస్తే ఆ దస్తావేజును రిసీవరు రద్దు చేయించవచ్చు. ఐ.పి.కి ముందు మూడు నెలల్లో, మిగతావాళ్లను వదిలి బావమరిదికో మిత్రుడికో కావాలని ముందుగా చెల్లించినా అదీ చెల్లకుండా పోవచ్చు. ఆస్తి దాచితే, లెక్కలు దాచితే అది నేరం. ఒక సంవత్సరం దాకా జైలు శిక్ష పడవచ్చు. అప్పు వల్ల రాని జైలు, దాచడం వల్ల వస్తుంది. దాచమని చెప్పే వకీలు గది నుంచి మర్యాదగా నమస్కారం పెట్టి లేచి రండి.

రెండవ పరీక్ష. “ఐ.పి. వేస్తే ఏ అప్పులు పోవు?” అని మీరే అడగండి. ఏవి పోతాయో అందరూ చెబుతారు. ఏవి పోవో చెప్పేవారే మనకు కావాలి. ఇల్లో బంగారమో తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుకు ఆ తాకట్టు మీద రుణదాత హక్కు అలాగే ఉంటుంది. ప్రభుత్వానికి కట్టవలసిన బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, భార్యకు కోర్టు నిర్ణయించిన మనోవర్తి, ఇవి విముక్తి వచ్చినా పోవు. చెల్లని చెక్కు కేసు వేరుగా క్రిమినల్ కోర్టులో నడుస్తుంది. అన్నిటికంటే మనం తెలుసుకోవలసింది ఇది: భర్తకు విముక్తి వచ్చినా ఆయనతో కలిసి సంతకం పెట్టినవాళ్లకూ, హామీదారుకూ రాదు. ఆ సంతకం మీదయితే అప్పులవాడు మీ దగ్గరకు వస్తాడు. అందుకే మూడవ పట్టిక రాయమన్నాను. దాన్ని చూసి, “అమ్మా, మీ పరిస్థితి వేరుగా చూడాలి” అన్న వకీలు పని తెలిసినవారు.

మూడవ పరీక్ష “డిశ్చార్జి” అనే మాట. ఐ.పి. పెట్టడం ఆరంభమే గాని ముగింపు కాదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించేటప్పుడు, ఇంత గడువులోగా డిశ్చార్జికి, అంటే విముక్తికి దరఖాస్తు పెట్టుకోమని చెబుతుంది. ఆ గడువులో పెట్టకపోతే అంతకుముందు ఇచ్చిన ఉత్తర్వు రద్దవుతుంది. ఆపైన మళ్లీ ఐ.పి. వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. చేసిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. కనుక “మీరు ఎన్ని ఐ.పి.లు వేశారు?” అని కాక “ఎన్నింటికి డిశ్చార్జి తెచ్చారు?” అని అడగండి.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. మిగిలిన ఆస్తి, అప్పుల్లో రూపాయికి 8 అణాల విలువైనా లేకపోతే, అది తన తప్పు వల్ల కాదని చూపించకపోతే, కోర్టు పూర్తి విముక్తి ఇవ్వదు. జూదం, దుబారా, లెక్కలు రాయకపోవడం కూడా అడ్డం వస్తాయి. అందుకే మంచి వకీలు రొయ్యల గుంట పోయినవారిని మేత బిల్లులు, సీడు బిల్లులు, రోగం వచ్చినప్పటి పరీక్ష కాగితాలు, అమ్మకం చీటీలు తెమ్మంటారు. అవి పాతకాగితాలవాడికి వేసేయకండి. ఒక సంచిలో కట్టి బీరువాలో పెట్టండి. నష్టం దైవాధీనం అని మనకు తెలిస్తే చాలదు, జడ్జిగారికి తెలియాలి.

నాలుగవ పరీక్ష. “ఐ.పి. తప్ప వేరే దారి లేదా?” అని అడగండి. దారులు ఉన్నాయి. బ్యాంకుతో ఒకేసారి కట్టే ఒప్పందం, అప్పులవాళ్లందరితో కూర్చుని రాజీ, లోక్ అదాలత్. ప్రోనోటు మీద దావాకు మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. కాలం మీరిన నోట్లు కూడా పట్టికలో ఉండవచ్చు. ఆ గడువులోగా కొంత చెల్లించి నోటు వెనుక రాసి సంతకం పెట్టినా, బాకీ ఉన్నానని రాసిచ్చినా గడువు మళ్లీ మొదటికి వస్తుంది. ఇవన్నీ చూసి, “మీకు ఐ.పి. అవసరం లేదు” అని చెప్పి పంపిన వకీలు తన ఫీజును తానే వదులుకున్నట్టు. అటువంటివారి ఫోన్ నంబరు భద్రంగా రాసిపెట్టుకోండి. అమెరికాలో కూడా 2005 నుంచి, వ్యక్తులు దివాలా దరఖాస్తు పెట్టేముందు అప్పుల సలహాదారు దగ్గరకు వెళ్లి తీరాలని నియమం చేశారు. ముందు సలహా, తరువాతే కోర్టు అన్నమాట.

ఐదవ పరీక్ష. “మా అప్పులవాళ్లలో ఎవరికైనా మీరు వకీలుగా ఉన్నారా?” చిన్న ఊళ్లలో ఒకే వకీలు బ్యాంకుకూ, ఫైనాన్సు కంపెనీకీ కూడా పనిచేస్తూ ఉండవచ్చు. అటువంటి సంబంధం ఉంటే ముందే చెప్పాలని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. ఇది అడగడం అమర్యాద కాదు.

ఇక ఫీజు సంగతి. అప్పుల్లో ఉన్నవాళ్లకు ఇంకో అప్పు చేసి ఫీజు కట్టే దుస్థితి రాకూడదు. మొత్తం ఎంత, ఏ దశలో ఎంత, కోర్టు ఖర్చులు, అప్పులవాళ్లందరికీ పంపే నోటీసుల ఖర్చు, పత్రికా ప్రకటన ఖర్చు అందులోనే ఉన్నాయా, విడిగానా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి పైసాకు రశీదు తీసుకోండి. గుమాస్తా చేతికి ఇచ్చినా రశీదు రశీదే. వాయిదాకు వచ్చేది ఆయనేనా, జూనియరా అనికూడా అడగండి. జూనియరు వస్తే తప్పులేదు, ఎవరు వస్తారో మనకు తెలియాలి.

తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. పిటిషను ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి. ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి. కేసు నంబరు తెలిస్తే ఫోనులో ఈ-కోర్ట్స్ ద్వారా వాయిదా ఎప్పుడో మీ పిల్లలే చూసి చెబుతారు. వకీలును మార్చవలసి వస్తే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని మన కేసు కాగితాలు పట్టి ఉంచుకోవడానికి వీల్లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు వృత్తి ధర్మం తప్పితే ఫిర్యాదు చేయవలసింది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు. వకీళ్ల సేవ వినియోగదారుల చట్టం కిందకు రాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది కనుక వినియోగదారుల ఫోరానికి వెళ్లి కాలం వృథా చేసుకోవద్దు.

ఫీజు కట్టే స్తోమతే లేదంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఇది మీ హక్కు. మీవారి పిటిషనుకు ఆయన ఆదాయాన్నీ ఇతర అర్హతలనూ చూస్తారు గాని, హామీదారుగా మీమీద కేసు వస్తే, లేదా మీకే బాకీ రావలసి ఉంటే మీరు నేరుగా అడగవచ్చు.

బాకీ రావలసి ఉంటే అన్నాను గదా, ఆ మాట కూడా చెప్పాలి. మీలో చాలామంది ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బు వడ్డీకిచ్చి ఉంటారు, చీటీ కట్టి ఉంటారు. ఒకరోజు కోర్టు నుంచి కవరు వస్తుంది. ఫలానావారు ఐ.పి. పెట్టారు, మీ పేరు రుణదాతల్లో ఉందని. “ఇంకేం వస్తుందిలే” అని ఆ కవరును అటకమీద పడెయ్యకండి. దానిలోని తేదీకి హాజరై, ఆ మనిషి ఆస్తి ఏదైనా దాచాడని తెలిస్తే అభ్యంతరం చెప్పవచ్చు. బాకీ రుజువు చేసుకోవడానికి ప్రమాణపత్రం రాసి కోర్టుకు రిజిస్టరు పోస్టులో పంపినా చెల్లుతుందని చట్టంలోనే ఉంది. మీరు మాట్లాడకపోతే ఆస్తి పంచినప్పుడు మీ వాటా కూడా మాట్లాడదు.

చివరగా మన భయాల గురించి రెండు మాటలు. డబ్బు డిక్రీ కోసం స్త్రీని అరెస్టు చేసి సివిల్ జైలులో పెట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. “ఆడదానివని చూడం, జైలుకు పంపిస్తాం” అని బెదిరించేవాళ్లు వస్తే ఈ సంఖ్య గుర్తుంచుకోండి. మగవాళ్లనైనా, కట్టే శక్తి నిజంగా లేకపోతే కేవలం పేదరికం కారణంగా జైలులో పెట్టకూడదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం స్త్రీ తన ఒంటి మీద నుంచి తియ్యకూడని ఆభరణాలు జప్తుకు రావు. అంటే మంగళసూత్రం జోలికి ఎవరూ రాకూడదు. చేతిపనివాళ్ల పనిముట్లూ అంతే. మీ పుట్టింటివారు మీకిచ్చిన ఆస్తి మీదే, భర్త అప్పుకు అది బాధ్యత కాదు, మీరు సంతకం పెట్టి ఉంటే తప్ప. ఆ ఆస్తి ఎలా వచ్చిందో చూపే దస్తావేజులు, నగల బిల్లులు దాచి ఉంచండి.

అప్పుల ఒత్తిడిలో మగవాళ్లు పైకి ఏమీ చెప్పరు. అన్నం తగ్గిస్తారు, రాత్రుళ్లు వరండాలో పచార్లు చేస్తారు, ఫోను మోగితే ఉలిక్కిపడతారు. ఆ గుర్తులు ముందుగా కనిపెట్టేది మనమే. “చచ్చిపోతే బాగుండు” అనే మాట వినపడితే దాన్ని మాటవరసకు అన్నదిగా తీసుకోకండి. మనిషిని ఒంటరిగా వదలవద్దు. 14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక నిపుణులు మాట్లాడతారు. అప్పుకు చట్టంలో దారి ఉంది, దానికోసం ప్రాణం ఖర్చుపెట్టవలసిన పనిలేదు.

నేను చెప్పిందంతా ఒక మాటలో పెట్టుకోవాలంటే ఇది: మన అప్పుల పెట్టెను అడుగుదాకా తెరవమనే వకీలు మనవాడు. మూత వెయ్యమనేవాడు కాదు. ఆ పెట్టె తెరిచేటప్పుడు, ఆ గదిలో మీవారి పక్కన మీరు కూడా కూర్చోండి. మూడు పట్టికలున్న ఆ నోటుపుస్తకం మీ చేతిలోనే ఉండనివ్వండి.